టర్న్ డౌన్ అంటే కిందికి తిరగడం కాదు

(సాయంత్రపు ఇంగ్లీషు తరగతుల ముగింపు రోజున పేటలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుగూకాక పనుల్నించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కొందరైతే అన్నం కూడా తినకుండా వచ్చి కూర్చున్నారు. అందుకని మాటలు సాగదీయం. ఒక ఉత్తరం సంగతి చెప్పి మొదలుపెడతాం.

పోయినేడాది మన పేట పిల్ల ఒకామె పై చదువుకి దరఖాస్తు పెట్టుకుంది. డిగ్రీలో మంచి మార్కులు. కొన్నాళ్ళకి ఇంగ్లీషులో జవాబొచ్చింది. అందులో "టర్న్‌డ్ డౌన్" అని ఉంది. మేం ముగ్గురం ఆ కాగితం చుట్టూ చేరాం. మాలో ఇద్దరం డిగ్రీ పాసైనవాళ్ళమే. డిక్షనరీ తీశాం. టర్న్ అంటే తిరుగు. డౌన్ అంటే కింద. రెండూ కలిపి మేం తీసిన అర్థం ఏమిటంటే, దరఖాస్తుని పై ఆఫీసు నుంచి కింది ఆఫీసుకి తిప్పి పంపారు, ఇంకా నడుస్తోంది అని. "ఏం ఫర్వాలేదు తల్లీ, పని జరుగుతోంది" అని ఆ పిల్లకి ధైర్యం చెప్పి పంపించాం.

టర్న్ డౌన్ అంటే తిరస్కరించడం. కాదు పొమ్మనడం. ఆ కాగితం అడుగున ఇంకో వాక్యం కూడా ఉంది. అభ్యంతరం ఉంటే 15 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని. ఆ వాక్యం మాకు అర్థమయింది. కానీ కాదనని దరఖాస్తుకి అప్పీలెందుకులే అని వదిలేశాం. నెల దాటాక పట్నంలో తెలిసినాయన చూసి అసలు సంగతి చెప్పాడు. అప్పటికి గడువు పోయింది. ఏడాది పోయింది. ఆ పిల్ల మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ కష్టంగా ఉంది. ఈ తరగతులు మొదలైంది ఆ సిగ్గులోంచే. ఈ సంగతి దాచుకోవడం న్యాయం కాదని మీ ముందు పెడుతున్నాం.

తరవాత కూర్చుని ఆలోచించాం. ఆ కాగితంలో "రిజెక్టెడ్" అని రాసి ఉంటే మాకు తెలిసేది. రిజెక్ట్ పెద్ద మాట. బళ్ళో నేర్పారు. టర్న్, డౌన్ రెండూ చిన్న మాటలు. నాలుగో తరగతిలోనే వచ్చేశాయని అనుకున్నాం. పెద్ద మాట దగ్గర కాదు, చిన్న మాటల దగ్గర పడిపోయాం. విడివిడిగా రెండూ తెలుసు. కలిస్తే మూడో అర్థం వస్తుందని మాకెవరూ చెప్పలేదు.

ఇంగ్లీషులో ఇలాంటి జంట మాటలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఒక క్రియ, దాని తోక పట్టుకుని అప్, డౌన్, ఆఫ్, ఔట్, ఇన్, ఆన్, ఓవర్ లాంటి ఒక చిన్న ముక్క. వీటిని ఫ్రేజల్ వెర్బులంటారు. ఈ పేరు పుస్తకంలోకెక్కింది 1925లో. విషయం మాత్రం అంతకంటే చాలా పాతది. 1755లో ఇంగ్లీషు డిక్షనరీ తయారుచేసిన శామ్యూల్ జాన్సన్, పైభాషల వాళ్ళకి ఇంగ్లీషులో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేవి ఇవేనని తన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. కాబట్టి తప్పు మన బుర్రది కాదు.

మరి బళ్ళో మనకి నేర్పిందేమిటి? పోస్ట్‌పోన్, క్యాన్సిల్, టాలరేట్, ఇన్వెస్టిగేట్, రిజెక్ట్. ఇంగ్లీషువాడు ఇంట్లో, వీధిలో, పనిలో మాట్లాడేదేమిటి? పోస్ట్‌పోన్‌కి పుట్ ఆఫ్. క్యాన్సిల్‌కి కాల్ ఆఫ్. టాలరేట్‌కి పుట్ అప్ విత్. ఇన్వెస్టిగేట్‌కి లుక్ ఇన్‌టూ. రిజెక్ట్‌కి టర్న్ డౌన్. ఒకే పనికి రెండేసి మాటలు. ఎందుకని?

దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలుచుకున్నారు. ఆ తరవాత కొన్ని వందల ఏళ్ళు రాజు కొలువులో, కోర్టులో ఫ్రెంచి నడిచింది. చర్చిలో, చదువులో లాటిన్ నడిచింది. పొలం దున్నేవాడు, గొర్రెలు కాసేవాడు, కమ్మరి, వడ్రంగి మాత్రం తమ పాత ఇంగ్లీషే మాట్లాడారు. పెద్ద మాటల్లో ఎక్కువ భాగం ఆ ఫ్రెంచి, లాటిన్ల నుంచి వచ్చి చేరినవి. పుట్, సెట్, గివ్, గో, కమ్, అప్, ఔట్ లాంటివి మొదటినుంచీ కష్టజీవుల నోట్లో ఉన్నవే. గెట్, టేక్, కాల్ లాంటివి కూడా సముద్రం దాటి వచ్చి అక్కడి పల్లెల్లో స్థిరపడ్డ జనం ఇచ్చిన మాటలే. అంటే ఈ జంట మాటలు అక్కడి పేట భాష. మనకి మాత్రం వాళ్ళ అగ్రహారపు మాటలే బళ్ళో నేర్పారు. "విసర్జించుము" నేర్పి "వదిలెయ్" నేర్పకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది మన ఇంగ్లీషు. పరీక్ష పాసవుతాం. మనిషి ఎదురొచ్చి మాట్లాడితే నోరు పెగలదు.

భయపడాల్సిన పని లేదు. ఈ కిటుకు మన తెలుగులోనే ఉంది. "పడు" అనే ఒక్క క్రియ తీసుకోండి. నిలబడు, తిరగబడు, ఎగబడు, వెనకబడు, బయటపడు. పడడమంటే కింద పడడం కదా! నిలబడ్డవాడు కింద పడ్డాడా? తిరగబడ్డవాడు పడ్డట్టా, లేచినట్టా? "వాడు నాకు చెయ్యిచ్చాడు" అంటే, తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు సాయం చేశాడనుకుంటాడు. మోసం చేశాడని మనకి తెలుసు. "చెయ్యి చేసుకున్నాడు" అంటే చెయ్యి తయారు చేసుకున్నాడని కాదు, కొట్టాడని. ఇవన్నీ మనకి డిక్షనరీ చూస్తే వచ్చాయా? అమ్మ నోటినుంచి, వీధిలోంచి వచ్చాయి. మనం ముక్కని క్రియకి ముందు పెడతాం, ఇంగ్లీషువాడు వెనక పెడతాడు. పెద్ద తేడా అదే.

ఇంకో సంగతి. ఇంగ్లీషు జంట మాటలు మన నోళ్ళలో ఎప్పుడో చేరాయి. లాకప్ తెలియనివాళ్ళు పేటలో ఉన్నారా? లాక్ అప్ అంటే లోపలేసి తాళం పెట్టడం. ఆ మాట మనకి పుస్తకంలోంచి రాలేదు, పోలీసు స్టేషన్లోంచి వచ్చింది. మిల్లులో లాకౌట్, ఫ్యాక్టరీలో లేఆఫ్, ఆస్పత్రిలో చెకప్, సీట్లకి కటాఫ్. ఇవన్నీ క్రియల్లోంచి పుట్టిన మాటలే. మన పిల్లల్ని డ్రాపౌట్లంటారు. డ్రాప్ ఔట్ అంటే తనంతట తాను బయటికి జారిపోవడం. ఫీజు కట్టలేక, హాస్టల్లో సీటు దొరక్క, బళ్ళో అవమానం పడలేక మానేసినవాడు జారిపోయినట్టా, తోసేసినట్టా? తోసేయడానికి పుష్ ఔట్ అనే మాట ఇంగ్లీషులోనే ఉంది. తోక ముక్కని పట్టించుకుంటే, అవతలివాడు మన మీద ఏ అబద్ధం రాశాడో కూడా కనపడుతుంది.

ఇక పాఠంలోకి వద్దాం. పట్టిక బట్టీ పడితే వారంలో మరిచిపోతాం. కథలో పెట్టుకుంటే గుర్తుంటుంది. అందుకని బాబాసాహెబ్ జీవితంలోని ఒక ఘట్టం తీసుకుందాం.

1936లో లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ అనే సంస్థ ఉండేది. కులాన్ని పోగొడతామని చెప్పుకునే సవర్ణ హిందువుల సంస్థ. తమ వార్షిక సభకి అధ్యక్షత వహించమని అంబేడ్కర్‌ని పిలిచారు. ఆయన ఉపన్యాసం ఇంగ్లీషులో రాశాడు.  ఈస్టరుకి జరగాల్సిన సభని మే నెలకి జరిపారు. వాయిదా వేయడం, అది పుట్ ఆఫ్. వేదాల మీద, హిందూ మతం మీద రాసిన కొన్ని భాగాలు తీసేయమన్నారు. వదిలేయడం, లీవ్ ఔట్. ఒక్క కామా కూడా మార్చనని అంబేడ్కర్ జవాబు రాశాడు. ఆయన లొంగలేదు. లొంగిపోవడం, గివ్ ఇన్. అన్న మాటనుంచి వెనక్కి తగ్గలేదు. వెనక్కి తగ్గడం, బ్యాక్ డౌన్. చివరికి మండల్ వాళ్ళు సభనే రద్దు చేశారు. రద్దు చేయడం, కాల్ ఆఫ్. అంబేడ్కర్ ఆ ఉపన్యాసాన్ని తన ఖర్చుతో అచ్చు వేయించి బయటికి తెచ్చాడు. ప్రచురించడం, బ్రింగ్ ఔట్. అదే "కుల నిర్మూలన". వేసిన 1500 కాపీలూ రెండు నెలల్లో అయిపోయాయి.

చూశారా, ఒక్క కథలో ఆరు మాటలు. పుట్ ఆఫ్, లీవ్ ఔట్, గివ్ ఇన్, బ్యాక్ డౌన్, కాల్ ఆఫ్, బ్రింగ్ ఔట్. పుట్ ఆఫ్‌కీ కాల్ ఆఫ్‌కీ తేడా మరిచిపోవద్దు. పుట్ ఆఫ్ అయితే మళ్ళీ జరుగుతుంది. కాల్ ఆఫ్ అయితే ఇక లేదు. రేపు మీ ఇంటర్వ్యూ గురించి మెసేజి వస్తే, ఇంట్లో ఉండాలో ఇంకోచోట ప్రయత్నం చేయాలో ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

గివ్ ఇన్ పక్కనే గివ్ అప్ కూడా ఉంది. గివ్ అప్ అంటే వదులుకోవడం. 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గామరీ పట్నంలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ, తెల్లవాడి కోసం బస్సులో సీటు వదులుకోనంది. అక్కడ రాసేటప్పుడు వాడేది ఈ గివ్ అప్పే. ఆమెని అరెస్టు చేశారు. నల్లవాళ్ళు 381 రోజులు బస్సులెక్కకుండా నడిచారు. సీటు గివ్ అప్ చేయలేదు, ప్రభుత్వానికి గివ్ ఇన్ అవలేదు. ఒకటి ఉన్నదాన్ని వదలడం, ఇంకోటి ఎదుటివాడికి తల వంచడం. ఇలా పెట్టుకుంటే రెండూ కలగాపులగం కావు.

ఇప్పుడు తోక ముక్కల గుణం కొంచెం చూద్దాం. అప్ చాలాచోట్ల మన "ఏయ్" లాంటిది. ఈట్ అప్ అంటే తినేయ్. యూజ్ అప్ అంటే వాడేయ్. టేర్ అప్ అంటే చించేయ్. పని పూర్తిగా అయిపోయిందని చెబుతుంది. ఔట్‌లో బయటికి అనే అర్థం ఉంటుంది. ఫైండ్ ఔట్ అంటే కనిపెట్టు, నిజాన్ని బయటికి లాగు. పాయింట్ ఔట్ అంటే ఎత్తి చూపు. ఆఫ్‌లో తెగిపోవడం, విడిపోవడం ఉంటుంది. కట్ ఆఫ్ అంటే తెంచెయ్. పే ఆఫ్ అంటే అప్పు మొత్తం తీర్చి ఆ ముడి తెంపుకోవడం. డౌన్‌లో తగ్గించడం, అణచడం. పుట్ డౌన్ అంటే అణచివేయడం, నలుగురిలో కించపరచడం కూడా. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడడం. దీన్ని మీకు వివరంగా చెప్పనక్కర్లేదు. దానికి ఎదురు లుక్ అప్ టూ, గౌరవంగా తలెత్తి చూడడం. అయితే ఈ గుణాలు దారి చూపే గుర్తులే, చట్టాలు కావు. టర్న్ డౌన్ దగ్గర మేం చేసింది అదే, గుర్తుని చట్టమనుకున్నాం. అనుమానం వస్తే డిక్షనరీలో క్రియ కింద వెతకండి. టర్న్ దగ్గరికి పోతే దాని కిందే టర్న్ డౌన్, టర్న్ అప్, టర్న్ ఔట్ వరసగా దొరుకుతాయి.

వ్యాకరణం ఒక్క ముక్కే చెబుతాం. కొన్ని జంటల్ని విడదీయొచ్చు, కొన్నిటిని విడదీయకూడదు. సభని వాయిదా వేయమనాలంటే "పుట్ ఆఫ్ ద మీటింగ్" అనొచ్చు, "పుట్ ద మీటింగ్ ఆఫ్" అనొచ్చు. కానీ మీటింగు బదులు "ఇట్" అంటే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి. "పుట్ ఇట్ ఆఫ్." "పుట్ ఆఫ్ ఇట్" అనకూడదు. లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. దాన్ని విడదీయకూడదు. "లుక్ ఆఫ్టర్ హర్" అనాలే తప్ప "లుక్ హర్ ఆఫ్టర్" అనకూడదు. మూడు ముక్కలున్నవి కూడా ఇంతే, కలిసే నడుస్తాయి. పుట్ అప్ విత్, భరించడం. స్టాండ్ అప్ ఫర్, ఒకరి పక్షాన నిలబడడం. గెట్ ఎవే విత్, తప్పు చేసి శిక్ష లేకుండా తప్పించుకుపోవడం.

ఇక అసలు చోటికి వద్దాం. రాజ్యాంగం, కోర్టు, ఆఫీసు. ఇక్కడ ఈ మాటలు అర్థం కాకపోతే పోయేది మార్కులు కావు.

ఇవి వీధి మాటలే కదా, రాజ్యాంగంలో ఎందుకుంటాయి అనుకోకండి. 13వ అధికరణం చూడండి. ప్రాథమిక హక్కుల్ని లాగేసుకునే చట్టం ఏదీ రాజ్యం చేయకూడదంటుంది. అక్కడున్న మాట టేక్ ఎవే. 19వ అధికరణంలో వృత్తి, వ్యాపారం సాగించుకునే హక్కుంది. సాగించడానికి వాడింది క్యారీ ఆన్. దాన్ని క్యారీ ఔట్‌తో కలపొద్దు. క్యారీ ఔట్ అంటే ఆదేశాన్ని అమలు చేయడం. క్యారీ ఫార్వర్డ్ అంటే మిగిలినదాన్ని వచ్చే ఏటికి మోసుకుపోవడం. ఈ ముక్క మీద మన ఉద్యోగాలు వేలాడాయి. ఒక ఏడాది నింపని రిజర్వుడు ఖాళీల్ని తరవాతి ఏటికి క్యారీ ఫార్వర్డ్ చేసే నిబంధనని 1963లో దేవదాసన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిబంధననో చట్టాన్నో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేస్తే స్ట్రైక్ డౌన్ అంటారు. చాలా ఏళ్ళకి, 2000లో 81వ సవరణ చేసి 16వ అధికరణంలో 4బి చేర్చారు. బ్యాక్‌లాగ్ ఖాళీల్ని ఆ ఏటి ఖాళీలతో కలిపి లెక్కేయకుండా వేరే తరగతిగా చూడొచ్చని. అందులో నింపడానికి వాడిన మాట ఫిల్ అప్. ఫారం నింపేటప్పుడు మనం రోజూ అనే మాటే.

ఇంకో మాట, సెట్ ఎసైడ్. దీనితో జాగ్రత్త. వంటింట్లో పక్కన పెట్టడం. నోటిఫికేషన్లో "ఇన్ని సీట్లు సెట్ ఎసైడ్" అంటే మనకోసం కేటాయించారని. అదే కోర్టు తీర్పులో శిక్షని సెట్ ఎసైడ్ చేశారంటే కొట్టేశారని. ఒకచోట మనకి ఇచ్చినట్టు, ఇంకోచోట మన చేతిలోంచి పోయినట్టు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. ఇలాంటి తీర్పుల్లో కనపడే మాట సెట్ ఎసైడ్. పక్కన పెట్టారట, మళ్ళీ తీస్తారులే అనుకుని కూర్చుంటే, పై కోర్టుకి పోవాల్సిన రోజులు దాటిపోతాయి. మా ఉత్తరం కథలాగే.

వాటర్ డౌన్ అని ఇంకోటుంది. పాలల్లో నీళ్ళు కలపడం. మనకి దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది, నీరుగార్చడం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద వెంటనే అరెస్టు చేయకుండా సుప్రీంకోర్టు 2018 మార్చి 20న షరతులు పెట్టినప్పుడు, ఇంగ్లీషు పేపర్లలో ఈ మాట తెగ కనపడింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆ ఏడే పార్లమెంటు 18ఎ సెక్షను చేర్చింది. 2019 అక్టోబరులో కోర్టు తన ఆదేశాల్ని తానే వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకోవడం, టేక్ బ్యాక్. చట్టాన్ని నీరుగారుస్తున్నారని మొదటి రోజే చదివి అర్థం చేసుకున్నవాళ్ళు ఉండబట్టే వీధిలోకి రాగలిగారు.

స్టేషను కాగితాల్లో, పేపర్లలో చూడాల్సినవి ఇంకొన్ని. లుక్ ఇన్‌టూ, విచారిస్తామని. హుష్ అప్, కవర్ అప్, రెండూ కప్పెట్టడమే. మేక్ ఔట్, కేసుకి ఆధారం కనపడడం. "కేసు మేడ్ ఔట్ కాలేదు" అంటే కేసు నిలబడలేదని. సైన్ ఎవే, సంతకం పెట్టి హక్కు పోగొట్టుకోవడం. టేక్ ఓవర్, స్వాధీనం చేసుకోవడం. హ్యాండ్ ఓవర్, అప్పగించడం. భూమి కాగితాల మీద వేలిముద్ర వేసే ముందు ఈ మూడూ ఎక్కడున్నాయో వెతకండి.

కొందరు పెద్దమనుషులు అడుగుతారు, "మీకు ఇంగ్లీషెందుకయ్యా, తెలుగు చచ్చిపోదా?" అని. తెలుగు బతుకుతోందే మన నోళ్ళలో. ఇందాక నిలబడు, తిరగబడు అన్నది తెలుగు కాదా? అలా అడిగేవాళ్ళ పిల్లలు ఏ బళ్ళో చదువుతున్నారో చూసి అప్పుడు జవాబు చెబుదాం. శూద్రులు, అతిశూద్రులు ఇంగ్లీషు నేర్చుకోవాలని సావిత్రీబాయి ఫూలే 1854 నాటికే కవితలు రాసింది. మనం ఆలస్యంగా మొదలుపెట్టాం. అంతే.

ఇక పని సంగతి. రోజుకి అయిదు జంటలు చాలు. అయిదూ ఒక్క క్రియవే తీసుకుంటే గందరగోళం అవుతుంది. ఒక సంఘటన తీసుకోండి. పొద్దున బస్సు ఆగిపోయింది, బ్రేక్ డౌన్. మేస్త్రీ పనిలోంచి తీసేశాడు, లే ఆఫ్. సాయంత్రం బాకీ తీర్చాం, పే ఆఫ్. జరిగింది జరిగినట్టు రాసుకోండి. ఇంగ్లీషు పేపరు ఒక్కటి తెచ్చుకుని, తోక ముక్క ఉన్న ప్రతి క్రియ కింద గీత గీయండి. ముసలమ్మలు కూడా కూర్చోండి. తెలుగులో సామెతలూ నుడికారాలూ మీకు తెలిసినన్ని పిల్లలకి తెలియవు. పిల్లవాడు ఇంగ్లీషు జంట చెప్పాలి, మీరు దానికి దీటైన తెలుగు మాట చెప్పాలి. నీరుగార్చడం అనే మాట మాకు అందించింది కలుపుకూలికి పోయే పెద్దమ్మే. ఏ కాగితం వచ్చినా ఒక్కరే చదివి అర్థం చెప్పొద్దు. కనీసం ఇద్దరు చదవండి, డిక్షనరీ చూడండి, గడువు తేదీ గోడ మీద రాయండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. తెలిసినట్టు చెప్పి మేం చేసిన తప్పు మీరు చేయొద్దు.

ఆ పిల్ల ఈ ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టింది. తనే రాసుకుంది. మా చేత చదివించి, రెండు తప్పులు తనే దిద్దుకుంది. జవాబు ఇంకా రాలేదు. వచ్చేది ఏదైనా, ఈసారి వచ్చిన రోజే దాని అర్థం మనకి తెలుస్తుంది. టర్న్ డౌన్ అని వస్తే 15 రోజుల్లోపలే అప్పీలు పోతుంది.

రేపటినుంచి రెండో విడత తరగతులు. ఇదే వేళ, ఇదే అరుగు. పలకలూ పెన్సిళ్ళూ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. లేనివాళ్ళు ఊరికే రండి.

జై భీమ్.